కార్మెన్‌ని ఇద్దరికి సర్దడం: ఒక అరేంజ్‌మెంట్ కేస్ స్టడీ

పని తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు ఫ్లూట్ వాయిస్తారు, ఒకరు పియానో. కలిసి కచేరీలు చేయడం వాళ్లకి అలవాటే. ఫ్రెంచ్ స్వరకర్త బిజే ఒపేరా (పాటలతో నడిచే నాటకం) 'కార్మెన్' నుంచి పన్నెండు నిమిషాలకి సరిపడా ఏదైనా రాసిపెట్టమన్నారు. ఫ్లూట్‌కి కార్మెన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్రాన్స్వా బోర్న్ రాసిన ఫాంటసీ, అంటే ఒపేరా వరసల్ని ఫ్లూట్ నైపుణ్యం చూపించేలా అల్లిన రచన. అది ఉండగా ఇంకోటి ఎందుకని అడిగాను. "అందులో జనం నా వేళ్లని చూస్తారండీ. ఈసారి వాళ్లకి ఒపేరా వినపడాలి" అన్నాడు ఫ్లూట్ అతను. తర్వాత నేను తీసుకున్న నిర్ణయాల్లో సగం ఆ ఒక్క మాటలోంచే వచ్చాయి.

ముందు నాలుగు భాగాలు అనుకున్నాం: ఒపేరా మొదట్లో వచ్చే ప్రెల్యూడ్, మొదటి అంకంలో కార్మెన్ పాడే హబనేరా, మూడో అంకానికి ముందు వాద్యాలు మాత్రమే వాయించే ఆంత్రాక్ట్, రెండో అంకం మొదట్లో కార్మెన్ పాడే జిప్సీ పాట. చివరికి మూడే మిగిలాయి. ప్రెల్యూడ్ ఎందుకు పోయిందో తర్వాత చెప్తాను.

మొదటి డ్రాఫ్ట్ చెడిపోయింది. తప్పు నాదే, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కార్మెన్‌కి వోకల్ స్కోర్ ఉంది. అంటే గాయకుల భాగాలు అలాగే ఉంచి, ఆర్కెస్ట్రా మొత్తాన్ని పియానో మీదికి కుదించిన పుస్తకం. దాన్ని బిజేనే స్వయంగా తయారుచేశాడు. ఒపేరా మొదటిసారి ఆడిన 1875లోనే షుడాన్స్ వాళ్లు అచ్చువేశారు. స్వరకర్త చేత్తో చేసిన కుదింపు చేతిలో ఉన్నప్పుడు మళ్లీ నేనెందుకు కష్టపడాలి అనుకున్నాను. పాట వరసని ఫ్లూట్‌కిచ్చాను, పియానో భాగాన్ని కాస్త సర్ది పంపేశాను. రెండు రోజుల్లో పని అయిపోయిందని సంబరపడ్డాను కూడా.

రిహార్సల్‌కి వెళ్లి వింటే ఫ్లూట్ సగం చోట్ల వినపడటం లేదు. పియానిస్టు మొహమాటం లేకుండా చెప్పింది: "దీన్ని వాయించగలను. కానీ ఇది వాయిస్తే ఈయన పక్కన ఉన్నా లేనట్టే."

ఇంటికొచ్చి పుస్తకం మళ్లీ తెరిస్తే విషయం అర్థమైంది. వోకల్ స్కోర్ ఉండేది రిహార్సల్ కోసం. గాయని ఎక్కడ అందుకోవాలో, కోరస్ ఎప్పుడు లేవాలో, వెనక ఏ వాద్యం ఏం చేస్తోందో అన్నీ పియానోలో చూపించాలి. అందుకే పియానో మధ్యభాగం కిక్కిరిసి ఉంటుంది. కార్మెన్ పాత్ర పాడే మెజో గొంతు (మధ్యస్థాయి ఆడగొంతు) దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. దానికి మాటలున్నాయి, హల్లులున్నాయి, నిండైన ఛాతీ ఉంది. ఫ్లూట్‌కి అదే ఎత్తులో ఆ బలం లేదు. ఫ్లూట్ అట్టడుగు స్వరం మధ్య సి, అంటే పియానో నడిమధ్యలో ఉండే సి. కొన్నిటికి పొడవాటి కాలు (చివరి ముక్క) ఉండి ఇంకో అరమెట్టు కిందికి, బి దాకా పోతాయి. ఆ కింది ఆక్టేవ్‌లో (స్థాయిలో) నాదం చీకటిగా, అందంగా ఉంటుంది కానీ గట్టిగా రాదు. ఎంత ఊదినా ఒక హద్దు దాటదు. కార్మెన్ పాటలు చాలావరకు తిరిగేది సరిగ్గా ఆ చోటే.

రెండోసారి ఫుల్ స్కోర్‌తో, అంటే ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యం భాగమూ విడిగా ఉండే పుస్తకంతో మొదలుపెట్టాను. ఫ్లూట్‌లు, ఓబోలు, క్లారినెట్‌లు, బసూన్‌లు రెండేసి, నాలుగు హార్న్‌లు, రెండు కార్నెట్‌లు, మూడు ట్రాంబోన్‌లు, టింపనీ, తాళవాద్యాలు, హార్ప్, ఆ పైన తీగ వాద్యాల దండు. దీన్నంతా ఒక ఊపిరికీ పది వేళ్లకీ సర్దాలి. వాద్యం వారీగా చూస్తే భయమేస్తుంది కాబట్టి, ప్రతి బార్‌లో (తాళం ఒక చుట్టులో) ఎన్ని పనులు జరుగుతున్నాయో మాత్రమే చూశాను. వరస ఒకటి, బాస్ ఒకటి, లయని నెట్టేది ఒకటి, వెనక నిలబడి ఉండే స్వరాలు ఒకటి, అప్పుడప్పుడు మెరిసే రంగు ఒకటి. రంగు పెన్సిళ్లతో వీటిని గుర్తుపెట్టాను. ఇద్దరు మనుషులు హాయిగా మూడు పనులు చేయగలరు, కష్టపడితే నాలుగు. ఐదోది వదిలేయాలి, లేదా ఉన్నట్టు అనిపించేలా చేయాలి. రాయడం కంటే ఏది వదలాలో తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ఫుల్ స్కోర్ చదివేవాళ్లకి ఒక్క హెచ్చరిక. క్లారినెట్‌లు, హార్న్‌లు, కార్నెట్‌ల స్వరాలు కాగితం మీద ఉన్నట్టు వినపడవు, వాటిని మార్చి చదువుకోవాలి. డబుల్ బేస్ రాసినదానికంటే ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. అప్పుడు ఎడమచేయి పైకి తేలిపోయి, వరస కింద నేల లేనట్టు అనిపిస్తుంది.

ఇక హబనేరా. ఎక్కువ రోజులు తీసుకుంది ఇదే.

ఈ వరస నిజానికి బిజేది కాదు. జానపదమనుకుని తీసుకున్నాడు. తర్వాత అది సెబాస్టియన్ ఇరాడియర్ అనే స్పానిష్ స్వరకర్త పాట అని తెలిసి, వోకల్ స్కోర్‌లో ఆ సంగతి అచ్చు వేయించాడు. అంటే మేము సర్దబోతున్నదే ఒకసారి సర్దిన పాట. ఇది తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చిన మాట నిజం.

డి మైనర్‌లో వరస పై డి దగ్గర మొదలై, అరమెట్టు అరమెట్టుగా జారుతూ ఒక ఆక్టేవ్ కిందికి దిగుతుంది. కింద చెల్లోలు (మంద్రంగా మోగే తీగ వాద్యాలు) ఒకే ఊపుని ఆపకుండా వాయిస్తుంటాయి: డి, ఎ, ఎఫ్, ఎ. మొదటి స్వరం కాస్త సాగి, రెండోది చటుక్కున వచ్చి, మిగతా రెండూ సమంగా పడతాయి. పాట మొత్తం ఈ ఊపు మీదే నిలబడి ఉంది.

ఫ్లూట్‌ని ఒక ఆక్టేవ్ పైన పెట్టేస్తే వినపడదేమోనన్న సమస్య ఉండదు. మొదట అలాగే చేసి చూశాను. వినపడింది, కానీ అది కార్మెన్ కాదు. సన్నగా, చలాకీగా, ఎవరో ఈలవేస్తున్నట్టు ఉంది. కార్మెన్ ఆ మొదటి మాటల్ని ఎవరి దృష్టికోసమూ పాడదు. అందరూ తనవైపే చూస్తున్నారని ఆమెకి ముందే తెలుసు. అందుకని మొదటి చరణాన్ని రాసిన ఎత్తులోనే, ఫ్లూట్ కింది ఆక్టేవ్‌లోనే ఉంచి, పియానోని పక్కకి తప్పించాను. ఎడమచేతికి చెల్లోల ఊపు మాత్రమే. దానికి కింద ఇంకో ఆక్టేవ్ జోడించలేదు. పియానిస్టులకి అక్కడ చేయి దురదపెడుతుంది, బాస్‌ని రెట్టింపు చేసి బలంగా కొట్టాలనిపిస్తుంది. కొడితే ఊపు కాస్తా కవాతు అవుతుంది. కుడిచేయి ఎనిమిది బార్ల పాటు దాదాపు ఖాళీ, అక్కడక్కడా పొట్టి కార్డ్ (కలిపి మోగే స్వరాల గుత్తి) ఒకటి, అదీ ఫ్లూట్ స్వరాలకి దూరంగా. పియానిస్టుకి ఆ పేజీ చూపిస్తే, "ఇంతేనా? రిహార్సల్‌కి రావడం దేనికి?" అంది. వాయించాక ఆ మాట మళ్లీ అనలేదు.

తర్వాతి ఇబ్బంది మాటలు. ఈ వరసలో ఒకే స్వరం మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. గాయని పాడుతుంటే అక్కడ స్వరం మారకపోయినా అక్షరం మారుతుంది కాబట్టి విసుగు పుట్టదు. మాటలు తీసేస్తే మిగిలేది టక్ టక్ టక్. దీనికి నేను చేసిన పని చాలా చిన్నది, ఈ అరేంజ్‌మెంట్ మొత్తంలో బాగా పనికొచ్చింది కూడా అదే: ఫ్లూట్ భాగం కింద ఫ్రెంచ్ సాహిత్యం రాసిపెట్టాను. ఏ అక్షరం మీద బరువుందో, ఏ మాట ఎక్కడ ముగుస్తుందో కంటికి కనిపిస్తే నాలుక తనంతట తానే మెత్తబడుతుంది. త్రిపుటాలు (రెండు స్వరాల వ్యవధిలో పడే మూడు స్వరాలు) వచ్చే చోట అతను 'తు' బదులు 'దు' అని మెత్తగా మీటాడు. నేను చుక్కలూ గీతలూ పెట్టి ఒక పేజీ నింపినా అంత బాగా వచ్చేది కాదు.

చరణం తర్వాత అసలు స్కోర్‌లోనే ఒక వరం ఉంది. కోరస్ వరసని అందుకుంటుంది, కార్మెన్ పైన "లామూర్" (ప్రేమ) అని పొడవుగా సాగదీస్తుంది. కాబట్టి అక్కడ పియానో కుడిచేతికి వరస ఇచ్చి, ఫ్లూట్‌ని నిలువు స్వరాల్లో ఉంచాను. ఊపిరి తిప్పుకోవడానికి అతనికి చోటు దొరికింది, పియానిస్టుకి పాడే అవకాశం దొరికింది. ఇదేదో నా తెలివి అనుకుని మెచ్చుకున్నవాళ్లున్నారు. బిజే రాసిందే.

డి మేజర్‌లోకి మారే పల్లవి దగ్గర ఫ్లూట్‌ని పైకి లేపాను. ఆక్టేవ్ మార్చడానికి నేను పెట్టుకున్న నియమం ఒకటే: గాయని ఊపిరి తీసుకునే చోట మారాలి, మాట మధ్యలో మారకూడదు. మధ్యలో మారిస్తే అది వాద్యం పరిమితిని దాచుకోవడానికి చేసిన పని అని వినేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. పల్లవిలో కోరస్ "ప్రాన్ గార్ద్ ఆ త్వా", అంటే "జాగ్రత్త సుమా" అని గట్టిగా అరుస్తుంది. అది మొత్తం పియానోకే, రెండు చేతులా నిండు కార్డ్స్. ఫ్లూట్ అక్కడ నోరు మూసుకుని ఉండాలి. మొదట్లో అతను కూడా కలిసి ఊదేవాడు. ఆపమన్నాను. హెచ్చరిక గుంపుది, ఆమె దాన్ని వింటూ నిలబడి ఉంది. ఫ్లూట్ కూడా అరిస్తే ఆమె గుంపులో కలిసిపోతుంది.

ఆంత్రాక్ట్ తేలికనుకున్నాం. ఇ-ఫ్లాట్ మేజర్‌లో హార్ప్ మీద ఫ్లూట్ సోలో. కాగితం మీద చూస్తే సర్దాల్సిందేమీ లేదు: ఫ్లూట్ ఫ్లూటే, హార్ప్ స్వరాలు పియానోకి పోతాయి. చిక్కంతా హార్ప్‌కీ పియానోకీ మధ్య తేడాలో ఉంది. హార్ప్ తీగ మీటగానే మోగి, మెల్లగా తనంతట తాను సన్నబడుతుంది, పక్క తీగల్లో కలుస్తుంది. పియానోలో పెడల్ నొక్కి ఉంచితే అదే వస్తుందనుకుంటాం. కానీ మధ్యభాగంలో అలా చేస్తే పొగలా కమ్ముకుంటుంది, ఫ్లూట్ అందులో మునుగుతుంది. పెడల్ తీసేస్తే కుట్టుమిషన్. చివరికి పియానిస్టే దారి చూపింది. పెడల్‌ని సగమే నొక్కి, కార్డ్ మారిన ప్రతిసారీ మార్చడం, ప్రతి విరుపులోనూ (స్వరాలు ఒక్కొక్కటిగా విడిపోయి వచ్చే కార్డ్‌లో) మొదటి స్వరాన్ని మాత్రం వేలితో కాస్త ఎక్కువసేపు పట్టి ఉంచడం. అది విన్నాక ఆ పొడవాటి బాస్ స్వరాలన్నిటినీ విడిగా, స్వరం గుర్తు తోక కిందికి పెట్టి రాశాను. రాత మారితే చేయి మారుతుంది.

ఫ్లూట్ వరస అయ్యాక క్లారినెట్ వచ్చి చేరుతుంది, తర్వాత మిగతా ఊదే వాద్యాలు, ఆపై తీగలు. క్లారినెట్ వరసని పియానో కుడిచేతికి ఇచ్చాను. ఒకటే చిక్కు: పియానోలో ఏ స్వరమైనా కొట్టిన క్షణం నుంచి తగ్గుతూనే పోతుంది, పట్టి ఉంచి పెంచడం దానివల్ల కాదు. కదిలే చోట పియానో బాగానే పాడుతుంది, నిలిచే చోట చచ్చిపోతుంది. అందుకని పొడవాటి స్వరం వచ్చినప్పుడల్లా వరసని ఫ్లూట్‌కి అందించి, ఫ్లూట్ చేస్తున్న కదలికని పియానోకి మార్చాను. కాగితం మీద చూస్తే రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి గంతులేస్తున్నట్టు ఉంటుంది. చెవికి మాత్రం అతుకు తెలియదు. ఇలాంటి మార్పిడి ఎక్కువైతే ఇద్దరూ లెక్కలు పెట్టుకుంటూ కూర్చుంటారు, కాబట్టి నాలుగుచోట్లకి మించకుండా ఆపేశాను.

తీగలన్నీ లేచే శిఖరం దగ్గర, అనుకున్నదానికంటే తక్కువ స్వరాలు రాశాను. నిండుదనం కార్డ్‌లో స్వరాల సంఖ్య వల్ల రాదు, కింది చివరికీ పై చివరికీ మధ్య ఎంత దూరముందన్నదాన్ని బట్టి వస్తుంది. ఎడమచేతిలో వెడల్పాటి విరుపులు, కుడిచేతిలో ఆక్టేవ్‌లు, మధ్యలో ఖాళీ. ఫ్లూట్ మూడో ఆక్టేవ్‌లో ఉంటే పియానో ఎంత గట్టిగా వాయించినా పైకి తేలుతుంది, ఆ భయం అక్కర్లేదు. చివర్లో సన్నబడే చోట ఇంకో రకం టెన్షన్. మెల్లగా ఊదితే ఫ్లూట్ శ్రుతి దిగుతుంది. ఆర్కెస్ట్రాలోనైతే పక్కవాళ్లు చెవితో సర్దుకుంటారు, పియానో సర్దుకోదు. అక్కడ ఫ్లూట్ నిలిపే స్వరాన్నే పియానోలో కూడా రాసి ఉండటం చూసి తీసేశాను. ఒకే స్వరం ఇద్దరిదీ అయితే వెంట్రుకవాసి తేడా కూడా బయటపడుతుంది.

జిప్సీ పాట దగ్గర మాకు నిజంగానే మాటామాటా అయింది. ఇ మైనర్, మూడు దెబ్బల లయ. మొదట్లో తీగల పిజ్జికాటో (విల్లు లేకుండా వేళ్లతో మీటడం), హార్ప్ మీద రెండు ఫ్లూట్‌లు జంటగా, మూడో స్వరం ఎడంతో, గుసగుసలాడుతున్నట్టు వాయిస్తాయి. ఒపేరాలో ఫ్లూట్ వాద్యకారులు ఎంతో ఇష్టపడే చోట్లలో ఇదొకటి. నేను దాన్ని పూర్తిగా పియానోకి ఇచ్చేశాను.

"మా వాద్యానికి రాసిన స్వరాల్నే నా దగ్గర్నుంచి తీసేశారేంటండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు వాయించి చూపించాల్సి వచ్చింది. పై వరస ఫ్లూట్, కింది వరస పియానో వాయిస్తే రెండు వరసలు జంటగా వినపడవు. ఒకటి ఊపిరి, ఇంకొకటి సుత్తి దెబ్బ. చెవి ఫ్లూట్‌ని వరసగా, పియానోని తోడుగా విడదీసేస్తుంది. అక్కడి అందమంతా రెండు ఫ్లూట్‌లనీ విడదీయలేకపోవడంలో ఉంది. ఒకే చేత్తో రెండు స్వరాలూ వాయిస్తే, వాద్యం వేరైనా ఆ జంట మిగులుతుంది. పైగా ఫ్లూట్ అప్పటిదాకా మౌనంగా ఉంటే, కార్మెన్ పాట అందుకున్నప్పుడు ఆమె నిజంగా లోపలికి వచ్చినట్టుంటుంది. వాద్యం పేరు చూసి స్వరాలు పంచితే ఈ ప్రవేశం పోతుంది.

అతను పూర్తిగా ఒప్పుకోలేదు. రాజీ కుదిరింది. చరణాల మధ్య అదే వరస మళ్లీ వచ్చినప్పుడు పై స్వరాలు ఫ్లూట్‌వి, కిందివి పియానోవి, పెడల్ లేకుండా, వేళ్ల చివరలతో. జంట అప్పటికే మన చెవిలో నాటుకుని ఉంటుంది కాబట్టి రెండోసారి తేడా అంతగా తెలియదు. వినడానికి నాకూ నచ్చింది, అతనికి చెప్పలేదు.

ఈ పాట మూడు చరణాలూ పోనుపోను వేగం పుంజుకుని చివర ప్రెస్టోలో (మహా వేగంలో) విరిగిపడతాయి. కార్మెన్ స్నేహితురాళ్లు ఫ్రాస్కీటా, మెర్సెడెస్ గొంతులు కలిపే చోట పియానో కుడిచేతిని ఫ్లూట్ కిందే, దగ్గరగా పెట్టాను. చివరి పరుగులో తీగల సందడి కోసం మొదట ట్రెమొలో (స్వరాల్ని వణికినట్టు వేగంగా మళ్లీ మళ్లీ వాయించడం) రాశాను. ఆర్కెస్ట్రా కుదింపుల్లో ట్రెమొలో ఒక వ్యాధి. నలభై మంది విల్లులు ఆడిస్తే గాలి వణికినట్టుండేది పియానోలో గిన్నెలు దొర్లినట్టుంటుంది. తీసేసి, రెండు చేతులూ వంతులవారీగా కొట్టే కార్డ్స్ పెట్టాను. లయ ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఫ్లూట్ వేగం పెంచడానికి భయపడడు.

ట్రెమొలో మాట వచ్చింది కాబట్టి ప్రెల్యూడ్ సంగతి. దాని మొదటి సగం బలం తాళాల్లోనూ ఇత్తడి వాద్యాల్లోనూ ఉంది. ఇద్దరు వాయిస్తే బొమ్మ ఆర్కెస్ట్రా అయింది. నవ్వుకుని పక్కనపెట్టాం. రెండో సగంలో వచ్చే విధి మోటిఫ్‌ని (కార్మెన్ విధిని సూచించే చిన్న వరసని) మాత్రం వదలబుద్ధి కాలేదు. బి-ఫ్లాట్‌కీ సి-షార్ప్‌కీ మధ్య ఉన్న ఆ విచిత్రమైన ఎడం ఒక్కసారి వినపడితే చాలు, కథ ఎటు పోతోందో తెలుస్తుంది. వణికే తీగల కింద చెల్లోలు, క్లారినెట్ లాంటి ముదురు నాదాలు వాయించే వరస అది. ఫ్లూట్‌కి ఇద్దామంటే డి నుంచి ఎ దాకా దిగాలి, మధ్య స్థాయిలో పెడితే ఎ దానికి అందదు, పైన పెడితే ముప్పు పోతుంది. అందుకని హబనేరాకీ ఆంత్రాక్ట్‌కీ మధ్య వంతెనలా కొన్ని బార్లు, పియానో ఎడమచేతిలో ఒంటరిగా, ట్రెమొలో లేకుండా రాశాను. దాని మీద ఫ్లూట్ ఒక్క పొడవాటి స్వరం పట్టుకుంటుంది. దాన్లోంచే ఇ-ఫ్లాట్‌లోకి జారుతాం.

అచ్చుపని గురించి రెండే మాటలు. పియానో పేజీలో ఫ్లూట్ వరస పైన చిన్న అక్షరాల్లో ఉండాల్సిందే. ఫ్లూట్ పేజీలో విశ్రాంతి దగ్గర పియానో వరస చిన్నగా కనిపించాల్సిందే, ముఖ్యంగా జిప్సీ పాట మొదట్లో. పేజీ తిప్పడం విశ్రాంతిలో పడేలా చూసుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట వృథా అనిపించలేదు.

కచేరీ అయ్యాక మార్చినవి కొన్ని. హబనేరా మొదటి చరణంలో పియానో మూత సగం తెరిచి వాయించారు. అది నేను రాసిన ఖాళీకి కూడా ఎక్కువైంది, తర్వాత మూతని ఇంకా కిందే ఆపే పొట్టి కర్ర మీదికి దించారు. ఆంత్రాక్ట్‌లో నాలుగు మార్పిళ్లలో ఒకటి ఇద్దరికీ ప్రతిసారీ తడబాటే కాబట్టి తీసేశాను. జిప్సీ పాట ఆఖరి పేజీలో అతనికి ఊపిరి చాలకపోతే ఎలా అని రెండు బార్లకి తేలికపాటి రూపం పక్కనే చిన్న అక్షరాల్లో ఇచ్చాను. పియానో వరసని మోస్తుంటే ఫ్లూట్ ఒక దెబ్బ వదిలి అందుకోవచ్చు. ఇప్పటిదాకా అతను దాన్ని వాయించలేదు. మొన్నటి రిహార్సల్‌లో మాత్రం ఆ రెండు బార్ల మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉండటం చూశాను.